పాస్‌వర్డ్ మార్చిందెవరు

జూలై 18, శుక్రవారం

నా కంప్యూటర్‌లో ఎవరో చెయ్యి పెట్టారు. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

పొద్దున మా బండల కంపెనీ యజమాని పెద్దాయన ఎప్పటిలాగే ఫోన్ చేసి, "ప్రమీలమ్మా, ఈ పొద్దు అష్టమి. గుర్తుండాది కదా?" అన్నారు. పంతొమ్మిదేళ్లుగా గుర్తున్నది ఈ రోజు మర్చిపోతానా? కంప్యూటర్‌లో తేదీ వెనక్కి జరిపి, పదో తేదీ పౌర్ణమికి పెట్టి, రెండు కొటేషన్లు తీసి, మెయిల్ తెరిచాను. సర్వర్‌కు కనెక్ట్ కావడం లేదంది. పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను. మళ్లీ అడిగింది. ఒక్కొక్క అక్షరం పైకి చదువుకుంటూ కొట్టాను. మళ్లీ అడిగింది. ఎనిమిదిసార్లు! నా పాస్‌వర్డ్ నాకే తెలియదని చెప్పడానికి దీనికెంత పొగరు?

పక్క బల్ల నుంచి నాగశ్రీ తొంగిచూసి, "ఏమైంది మేడం, పోతాల్యా?" అంది. ఈ పిల్ల వచ్చి నెలన్నర. పెద్దాయన కొడుకు, మా చిన్నాయన తెచ్చి పెట్టాడు. నందికొట్కూరు నుంచి రోజూ బస్సులో వస్తుంది. అడిగినప్పుడు ముఖంలో జాలి కనిపించింది. నా మీద జాలిపడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట.

మెయిళ్లన్నీ ఔట్‌బాక్స్‌లోనే పడున్నాయి. సాయంత్రం తేదీ సరిచేసి, మిషన్ ఆపి, తాళం చూసుకుని వచ్చాను. నా వైపు అంతా పద్ధతిగానే ఉంది.

జూలై 19, శనివారం

కంప్యూటర్లు బాగుచేసే నెహెమ్యా వచ్చాడు. భుజానికి సంచి, చేతిలో హెల్మెట్. కూర్చుని తెరిచాడు. నేను పాస్‌వర్డ్ కొట్టగానే ఒక్కసారికే తెరుచుకుంది. నిన్నటి మెయిళ్లు కూడా బుద్ధిమంతుల్లా వెళ్లిపోయాయి.

"అక్కా, బాగానే ఉండాది కదా. నన్ను చూస్తానే భయపడినట్టుంది."

"నిన్న ఎనిమిదిసార్లు కొట్టినా నెహెమ్యా."

"పెద్దక్షరాల మీట గాని పడిందేమోలే."

ఆ మీట సంగతి నాకు చెబుతున్నాడు! ఈ ఆఫీసుకు మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు వీడు లాగు వేసుకుని తిరుగుతుండేవాడు. ఏదో వైరు మార్చి, టీ తాగి వెళ్లాడు.

నేను ఆలోచించేది వేరు. నిన్న పాస్‌వర్డ్ పనిచేయలేదు, ఈ రోజు అదే పనిచేసింది. అంటే నిన్న ఎవరో మార్చారు, మళ్లీ పాతదే పెట్టేశారు. ఆ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ముగ్గురు. నేను, చిన్నాయన, చిన్నాయన చెప్పాడు కదా అని నేనే కాగితం మీద రాసిచ్చిన నాగశ్రీ.

జూలై 21, సోమవారం

మధ్యాహ్నం నేను అన్నానికి లేచిన అరగంట నా సీట్లో నాగశ్రీ కూర్చుంటుంది. బండల ఫొటోలు ఎక్కించాలట. ఈ రోజు పది నిమిషాలు ముందే తినేసి వచ్చాను. గబుక్కున ఏదో మూసింది.

"ఏం చూస్తాంటివి?"

"నల్ల బండ ఫొటో మేడం. శానా చీకటిగా వచ్చింది, తీసేస్తాండా."

ఉండొచ్చు.

జూలై 24, గురువారం

అమావాస్య. తేదీని సోమవారం ఏకాదశికి జరిపి పని మొదలుపెట్టాను. మళ్లీ అదే కథ! పాస్‌వర్డ్, పాస్‌వర్డ్, పాస్‌వర్డ్. కర్నూలు ఎండలో బండ మోసినా ఇంత అలసట రాదు.

నెహెమ్యాకు ఫోన్ చేస్తే ఓర్వకల్లులో ఉన్నాడట, రేపు వస్తానన్నాడు. రేపొస్తే బాగానే ఉంటుంది, నాకు తెలుసు. నేను అబద్ధం చెప్పినట్టు కనిపించాలనే చేస్తున్నారు.

చిన్నాయన గదిలోంచి వచ్చి, "ప్రమీలక్కా, పాత మెయిల్‌తో పదేళ్లు నెట్టుకొచ్చినావు. ఈ నెల కొత్త సర్వర్‌కి మార్చినాక నీకే ఎందుకిన్ని కష్టాలు? నాగశ్రీకి అప్పచెప్పేయరాదూ?" అన్నాడు.

అదీ సంగతి. అప్పచెప్పేయాలట.

జూలై 25, శుక్రవారం

బాగానే ఉంది. చెప్పానా?

నెహెమ్యా నవ్వాడు. నేను నవ్వలేదు.

జూలై 26, శనివారం

కోపంలో ఎవరి మీదా నింద వేసే మనిషిని కాను కాబట్టి నిదానంగా రాసుకుంటున్నాను.

ఒకటి, ఆ పిల్ల ఫోన్ ఎప్పుడూ బల్ల మీద బోర్లా పెట్టి ఉంటుంది. మంచివాళ్లు ఫోన్ బోర్లా ఎందుకు పెడతారు? రెండు, వాళ్ల పెదనాన్న కొడుకు బేతంచర్లలో ఇంకో బండల ఫ్యాక్టరీలో పనిచేస్తాడట. మా రేట్లు వాళ్లకు తెలిస్తే ఎంత లాభమో వేరే చెప్పాలా? మూడు, ఈ గోల జరిగిన రెండు రోజులూ ఆ పిల్ల నాకంటే ముందే వచ్చింది.

నందికొట్కూరు బస్సు రోజూ నాకంటే ముందే వస్తుందనుకో. అయినా.

మా ఆయన జయకుమార్‌కు చెబితే, "ఆ పాపకేం పనే, నీ పాస్‌వర్డుతో సంసారం చేస్తాదా?" అన్నాడు. ఆర్టీసీ డిపోలో ఇంజిన్లు విప్పే మనిషికి మనుషుల సంగతి ఎలా తెలుస్తుంది?

జూలై 28, సోమవారం

శనివారం వచ్చేటప్పుడు కీబోర్డు మీద పౌడరు పల్చగా చల్లి వచ్చాను. ఈ రోజు చూస్తే మీటలు అద్దంలా మెరుస్తున్నాయి! అరగంట తర్వాత ఊడ్చే వెంకటేశ్వరమ్మ వచ్చి, "ఏమమ్మా, మిషను మీద పౌడరేసుకుంటావా? తుడవలేక సచ్చినా," అని అందరి ముందూ అరిచింది. నాగశ్రీ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

నవ్వనీ.

జూలై 30, బుధవారం

పెద్దాయన ఆఫీసుకు వచ్చారు. కేశవయ్యగారంటే ఒకప్పుడు బండల వ్యాపారంలో ఎదురులేని మనిషి. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో వారానికి ఒకసారి వస్తారు. అష్టమి, అమావాస్య తేదీలతో మా దగ్గర నుంచి కాగితం బయటికి పోకూడదన్నది ఆయన కట్టడి. నవమి రాముడిది, దోషం లేదంటారు. కాగితాల రోజుల్లో చేత్తో ముందు తేదీ వేసేదాన్ని. ఇప్పుడు కొటేషన్ మీద కంప్యూటర్ తేదీ దానంతటదే పడుతుంది కాబట్టి కంప్యూటర్ తేదీనే మార్చాలని కనిపెట్టింది నేనే. ఆ రోజు పెద్దాయన, "నీకుండే తెలివి నా కొడుక్కి ల్యాకపోయె," అన్నారు. చిన్నాయనకు ఈ సంగతి తెలియదు. తెలిస్తే నవ్వుతాడు. ఇది నాకూ పెద్దాయనకూ మధ్య ఉన్న మాట.

ఆయనతో కొంచెం కదిపాను. "నా సీటు కోసం ఎవరో చూస్తా ఉండారు సామీ." ఆయన, "నేనుండేంత వరకు నిన్నెవరు కదిలిస్తారమ్మా," అన్నారు. కళ్లు చెమర్చాయి.

ఆగస్టు 1, శుక్రవారం

ఇలాంటి రోజు పంతొమ్మిదేళ్లలో రాలేదు.

బెంగళూరు బిల్డరు మూడు అపార్టుమెంట్లకు బండలు అడిగాడు. సాయంత్రం అయిదింటిలోగా కొటేషన్ మెయిల్‌లో చేరాలి. ఈ ఏడాదికి ఇదే పెద్ద ఆర్డరు. చిన్నాయన వారం నుంచి దీని మీదే ఉన్నాడు. పొద్దున పెద్దాయన ఫోన్ వచ్చింది, అష్టమి. తేదీని నిన్నటి సప్తమికి పెట్టి, కొటేషన్ తీసి, మెయిల్ తెరిచాను.

పాస్‌వర్డ్ అడిగింది.

పదకొండింటి నుంచి నాలుగున్నర దాకా కొట్టాను. మిషన్ ఆపి మళ్లీ వేశాను. వైరు పీకి పెట్టాను. దణ్ణం కూడా పెట్టాను. నెహెమ్యా ఫోన్ ఎత్తలేదు. చిన్నాయన ఊళ్లో లేడు, ఫోన్ కలవలేదు. బిల్డరు మేనేజరు మెయిల్‌లో వస్తేనే చూస్తామన్నాడు.

నాలుగూ నలభైకి నాగశ్రీ లేచి నా దగ్గరికి వచ్చింది. "మేడం, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించియ్యండి. నా ఫోన్ నుంచి పంపిస్తా. రెండు నిమిషాల పని."

ఎంత తియ్యగా అడిగిందో! మా రేట్లన్నీ తన ఫోన్‌లోకి ఎక్కించుకోవడానికి ఇంతకంటే మంచి ముహూర్తం దొరుకుతుందా? "నువ్వు నీ పని చూసుకో," అన్నాను.

"టైమైపోతాండాది మేడం..."

"పొమ్మన్నానా?"

అయిదయింది. మెయిల్ పోలేదు.

ఆగస్టు 2, శనివారం

ఆర్డరు పోయింది. చిన్నాయన అరవలేదు. అరిచినా బాగుండేది. "అక్కా, ఎవరో ఒకరు నాకు జవాబు చెప్పాల," అన్నాడు. అంటే నేనో, ఆ పిల్లో.

రెండు పేజీలు చేత్తో రాసిచ్చాను. పాస్‌వర్డ్ కాగితం, మధ్యాహ్నపు అరగంట, బేతంచర్ల అన్న, చివరి నిమిషంలో రేట్లు ఫోన్‌లోకి అడగడం. జరిగిందే రాశాను. కింద సంతకం పెట్టాను. తేదీ సరిగ్గానే వేశాను.

ఆగస్టు 4, సోమవారం

చిన్నాయన నాగశ్రీని లోపలికి పిలిచాడు. పది నిమిషాలు. బయటికి వచ్చి, సొరుగులో ఉన్న దువ్వెన, నీళ్ల సీసా తీసి సంచిలో వేసుకుంది. నా దగ్గర ఆగి, "పోయొస్తా మేడం," అంది. ఏడవలేదు. ఎందుకు ఇలా జరిగిందని అడగలేదు కూడా. తప్పు చేసినవాళ్లే అడగరు.

ఆగస్టు 5, మంగళవారం

మెయిల్ వెన్నలా నడుస్తోంది.

ఆగస్టు 6, బుధవారం

నడుస్తోంది. ఒక్కసారి కూడా పాస్‌వర్డ్ అడగలేదు. ఇక ఎవరికైనా రుజువు కావాలా?

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. సెలవు పెట్టాను. శనగలు బాగా నానాయి.

ఆగస్టు 13, బుధవారం

ఫొటోలు ఎక్కించే పని కూడా నా మీదే పడింది. నల్ల బండ ఫొటోలు నిజంగానే చీకటిగా వస్తాయి. ఆ పిల్ల తీసేస్తోందని చెప్పింది అబద్ధం కాదేమో.

అది ఒక్కటే.

ఆగస్టు 16, శనివారం

కృష్ణాష్టమి. మొన్నటి పద్నాలుగుకు తేదీ జరిపి, మెయిల్ తెరిచాను.

పాస్‌వర్డ్ అడిగింది.

పక్కకు తిరిగి చూశాను. నాగశ్రీ బల్ల ఖాళీ. పాస్‌వర్డ్ పోయిన వారమే మార్చాను, చిన్నాయనకు తప్ప ఎవరికీ తెలియదు. అయితే చిన్నాయనే! ఇద్దరినీ వదిలించుకుందామని మొదట ఆ పిల్లను, తర్వాత నన్ను... ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది. పొద్దున నిజంగానే అనుకున్నాను.

పదకొండింటికి నెహెమ్యా వచ్చాడు. పక్క వీధిలో పనుండి తనే వచ్చాడు. తేదీ సరిచేయడానికి ముందే అతను రావడం ఇదే మొదటిసారి. కూర్చున్నాడు. పాస్‌వర్డ్ నేనే కొట్టాను. మళ్లీ అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "చూడు, చూడు! నేను అబద్ధం చెప్పలేదు కదా!"

అతను తెర మూలకు వేలు పెట్టాడు. "అక్కా, ఈ పొద్దు తారీఖు ఎంత?"

"పదహారు."

"దీంట్లో పద్నాలుగు ఉండాదే?"

"అది నేనే పెట్టినాలే. అష్టమి కదా."

నెహెమ్యా నా వైపు తిరిగాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "ఎన్నాళ్ల నుంచి మారుస్తాండావక్కా?"

"ఎప్పట్నుంచో. పాత మెయిల్ ఏ రోజూ ఏమనలేదే!"

"పాతదానికి పట్టింపు ల్యా. కొత్త సర్వరు అట్ల కాదు. దాని గడియారం, నీ గడియారం కలవాల. అయిదు నిమిషాలు తేడా వచ్చినా నువ్వు దొంగవనుకుంటాది, లోపలికి రానియ్యదు. పాస్‌వర్డ్ అడుగుతానే ఉంటాది."

తేదీ పదహారుకు మార్చాడు. మెయిల్ తెరుచుకుంది.

పద్దెనిమిది, ఇరవై నాలుగు, ఒకటి, పదహారు. వెనక్కి తిప్పి ఈ పుస్తకంలో చూశాను. అన్నీ నా చేతిరాతే.

ఆగస్టు 17, ఆదివారం

ఏమీ రాయాలని లేదు.

ఆగస్టు 18, సోమవారం

నెహెమ్యా ఎవరికీ చెప్పడు. "నాకెందుకక్కా," అన్నాడు.

ఇప్పుడు చెప్పినా పోయిన ఆర్డరు తిరిగి రాదు. ఆ పిల్లకు ఇరవై మూడేళ్లు, ఇంకో చోట దొరుకుతుంది. నాకు నలభై ఏడు. కంప్యూటర్ తెలిసినవాళ్లకు ఉద్యోగాలకేం తక్కువ? పైగా ఈ సంగతి బయటపడితే పెద్దాయన పరువు కూడా పోతుంది. ఆయన కోసమైనా నోరు మూసుకోవాలి.

ఆయన కోసం.

ఆగస్టు 19, మంగళవారం

చిన్నాయన ఫోన్‌లో ఎవరితోనో, "నాగశ్రీనా? వద్దప్పా, మా రేట్లు బయటికి పంపే పాప," అన్నాడు. ఎవరో ఆ పిల్లను పనిలో పెట్టుకుందామని అడిగినట్టున్నారు.

ఆ మాట చిన్నాయనది కాదు, నాది. రెండో పేజీలో ఉంది.

ఒకటో తేదీ సాయంత్రం ఆ పిల్ల రెండు నిమిషాలు అడిగింది. ఇచ్చి ఉంటే ఆర్డరు మాదే. తేదీ మార్చడం తెలియక చేశాను, సరే. పెన్‌డ్రైవ్ ఇవ్వకపోవడం తెలిసే చేశాను కదే ప్రమీలా!

ఆగస్టు 20, బుధవారం

చెప్పేశాను.

పెద్దాయన ఆఫీసుకు వచ్చే రోజే చెబుదామని ఆగాను, ఆయన ముందైతే ధైర్యంగా ఉంటుందని. తండ్రీకొడుకులిద్దరూ గదిలో ఉన్నారు. అష్టమి సంగతి, తేదీ సంగతి, పెన్‌డ్రైవ్ సంగతి అంతా చెప్పాను. చిన్నాయన తండ్రి వైపు తిరిగి, "ఏం నాయనా, నువ్వేనా మార్చమనింది?" అన్నాడు.

పెద్దాయన కండువా తీసి ముఖం తుడుచుకున్నారు. "కంప్యూటర్ల గురించి నాకేం తెలుసురా? మంచి రోజు చూసి రాయమంటి. దాంట్లో ఏమేం తిప్పుతాదో నేను చూసినానా?" అన్నారు. నా వైపు చూడలేదు.

పొద్దున్నే ఫోన్ చేసేది ఎవరు సామీ? కొడుకు ముందు నన్ను మెచ్చుకోలేక, నాతో ఒంటరిగా తెలివిగలదానివన్నది ఎవరు? నోటిదాకా వచ్చింది. అనలేదు. కాగితం మీద తేదీ మార్చమన్నది ఆయనే అయినా, ఆ రెండు పేజీలు రాయమని ఆయన చెప్పలేదు.

చిన్నాయన పెన్ను బల్ల మీద పెట్టాడు. "అక్కా, ఆ పాప పేరు చెడగొట్టిన చోట్లకు నేను ఫోన్ చేసి చెప్తా. నువ్వే పోయి ఆ పాపను పిలుచుకురా. సోమవారం ఆ పాప ఈడ కూచుంటే నువ్వూ నీ సీట్లో కూచో. రాకపోతే నువ్వు కూడా రావద్దు," అన్నాడు.

న్యాయంగానే ఉంది.

ఆగస్టు 24, ఆదివారం

నందికొట్కూరు పోయి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇల్లు మార్కెట్ యార్డు వెనక. అరుగు మీద నాగశ్రీ నాన్న మద్దయ్య కూర్చుని ఉల్లిగడ్డల గోనెసంచి కుడుతున్నాడు. నాగశ్రీ లోపల్నుంచి వచ్చి, నన్ను చూసి, "మేడం! రండి, రండి," అని చాప పరిచింది. మజ్జిగ తెచ్చింది. నేనే రాసిచ్చానని ఆ పిల్లకు తెలియదు. చిన్నాయన చెప్పలేదు.

"మేడం, నేనే ఏదో నొక్కింటా," అంది తనే. "శానా ఆలోచన చేసినా. ఫొటోలు ఎక్కించేటప్పుడు ఏదన్నా తప్పు మీట పడింటాది. మీ పని కూడా చెడగొట్టినా. ఈడ జిరాక్సు అంగట్లో రమ్మన్యారు, మల్ల వద్దన్యారు. నాకూ భయంగానే ఉండాది, కంప్యూటర్ ముట్టుకోవాలంటే."

ఇంతకంటే నన్ను చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది. మజ్జిగ గ్లాసు కింద పెట్టి చెప్పాను. తేదీ మార్చింది నేను, నీ మీద రాసిచ్చింది నేను, నువ్వేమీ చేయలేదు.

మద్దయ్య దబ్బనం సంచికి గుచ్చి పక్కన పెట్టాడు. "అమ్మా, ఆ మాట ఈ అరుగు మీద నిలబడి చెప్పు. ఎదురింటోళ్లకు ఇనపడేటట్ల. నా కూతురు ఆఫీసును అమ్ముకుందని ఇరవై దినాలుగా వాళ్లే అంటాండేది."

లేచి నిలబడి చెప్పాను. మొదటిసారి నాకే వినపడేంత మెల్లగా చెప్పాను. రెండోసారి గట్టిగా చెప్పాను. ఎదురింట్లో ఇద్దరు ఆడవాళ్లు గుమ్మంలోకి వచ్చి విన్నారు. ఇంకొకామె ఏమైందని అడిగితే మళ్లీ చెప్పాను.

కూర్చున్నాక మద్దయ్య ఇంకో మాట అడిగాడు. కోపంగా అడగలేదు. "మా పాప ఆ పొద్దే మీ కాడికొచ్చి, నేను చేయలేదు మేడం అని చెప్పింటే, నువ్వు నమ్మింటావామ్మా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "నమ్మేదాన్ని కాదు," అన్నాను.

"అందుకే నేను అడగలేదు మేడం," అంది నాగశ్రీ.

అప్పుడు చిన్నాయన మాట చెప్పాను. సోమవారం నుంచి రమ్మన్నాడు, ఇదివరకటి బల్లే, నీ పేరు చెడగొట్టినచోట్లకు తనే ఫోన్ చేసి చెబుతానన్నాడు అని. నాగశ్రీ తండ్రి వైపు చూసింది. ఆయన, "నీ ఇష్టం పాపా," అన్నాడు. ఆ పిల్ల చాప అంచు సరిచేసింది.

"ఫోన్ చేసి చెప్పమనండి మేడం, అది చాలు. నేను రాను. ఆడ ఒకరికి అనుమానమొస్తే చాలు, ఇంకేం అడగరని తెలిసిపాయ. రోజూ భయపడుకుంటా కూచోలేను." తర్వాత నన్ను చూసి, "నేను రాలేదని సార్ మిమ్మల్నేమన్నా అంటాడా?" అంది.

అక్కడ ఒక్క మాట చెబితే ఆ పిల్ల వచ్చేది. నా ఉద్యోగం పోతుందంటే వచ్చేది, అలాంటి పిల్ల. పోయిన నెలలో ఆ మాట ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు.

"ఏమనడు," అన్నాను.

బస్సు దాకా వచ్చి ఎక్కించింది. కిటికీ పక్క సీటు చూసి కూర్చోమంది.

ఇంటికి రాగానే జయకుమార్ అడిగాడు. రానందని చెప్పాను. "మరి నీ సంగతి చెప్పినావా?" అన్నాడు. చెప్పలేదన్నాను. తిడతాడనుకున్నాను. లోపలికి పోయి టీ పెట్టాడు, చక్కెర ఎక్కువ వేశాడు.

చిన్నాయనకు ఫోన్ చేసి, ఆ పిల్ల రావడం లేదని, చెప్పినట్టే ఆ పిల్ల పేరు బాగుచేయమని, నా బల్ల తాళంచెవి రేపు జయకుమార్ తెచ్చిస్తాడని చెప్పాను. "సరే అక్కా," అన్నాడు.

రేపు పొద్దున రెండు కాదు, జయకుమార్ అన్నం క్యారియరు ఒక్కటే కట్టాలి.